పాఠకుల ప్రశ్నలు: డీజే పెట్టాలా, జముకుల వాళ్ళను పిలవాలా?

ఈసారి ఉత్తరాలు దాదాపు అన్నీ పాటల గురించే. రెండు నెలల కిందట ఇదే పేజీలో, సినిమా పాటల, డీజేల హోరులో పడి మన పక్కనే పాడుకుంటున్నవాళ్ళను వినడం మానేశామని రాశాను. అవునన్నవాళ్ళు రాశారు, కోప్పడ్డవాళ్ళూ రాశారు. బరంపురం నుంచి జయపురం దాకా వచ్చిన వాటిలో ఐదు తీసుకున్నాను. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాను.

*

ప్రశ్న: అక్కా, మాది పాత బరంపురం. ఫిబ్రవరిలో మా చెల్లి పెళ్ళి. నేను రెండు మూడేళ్ళుగా సినిమా పాటలు దాదాపు మానేశాను. సొంతంగా రాసుకుని పాడుకునే కుర్రాళ్ళవి, పల్లెల్లో పాడేవాళ్ళవి వింటాను. అవి వింటే నిజంగా ఎవరో నాతో మాట్లాడినట్టు ఉంటుంది. పెళ్ళికి డీజే బదులు పాతపట్నం వైపు నుంచి, జముకు అనే వాద్యం వాయిస్తూ పాటగా జముకుల కథ చెప్పేవాళ్ళను పిలుద్దామన్నాను. నాన్న "నలుగురిలో నవ్వులపాలు చేస్తావా" అన్నారు. బావలు "వీడికేదో తేడా చేసింది" అంటున్నారు. చెల్లికి రెండూ ఇష్టమే. నాలో ఏమైనా తప్పుందా? నాన్నను ఎలా ఒప్పించాలి? (26 ఏళ్ళ పాఠకుడు, బరంపురం)

జవాబు: తప్పేమీ లేదు తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ వదిలెయ్. అందరూ వినేది ఒకడు వినకపోతే ఇంట్లోవాళ్ళకు కంగారుగా ఉంటుంది, అంతకు మించి ఏమీ లేదు. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది "ఎవరో నాతో మాట్లాడినట్టు ఉంటుంది" అన్న మాట. నేనూ పాతికేళ్ళుగా వెతుక్కుంటున్నది అదే, అంత సూటిగా చెప్పడం మాత్రం నాకు రాలేదు.

సినిమా పాట ఎలా తయారవుతుందో ఒకసారి చూడు. దర్శకుడు సందర్భం చెబుతాడు, సంగీత దర్శకుడు బాణీ కడతాడు, ఎక్కువసార్లు బాణీ అయ్యాకే మాటలు రాయిస్తారు. అది హీరోకి సరిపోవాలి, స్టెప్పులకు సరిపోవాలి, రిలీజుకు ముందే జనం నోట్లో పడే ముక్క ఒకటి ఉండాలి. గాయకుడు ఒక్కడే గదిలో నిలబడి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా పాడతాడు. శ్రుతి కొంచెం జారితే కంప్యూటర్లో సరిచేస్తారు. ఆటో-ట్యూన్ అనే ఆ సాఫ్ట్‌వేర్ వచ్చింది 1997లో. తర్వాత మెల్లని చోటునీ గట్టి చోటునీ ఒక మట్టానికి తెచ్చి, ఫోన్‌లో విన్నా ఆటోలో విన్నా ఒకే జోరుతో మోగేలా చేస్తారు. ఇందులో ఎవరి మోసమూ లేదు, ఆ పని అలాగే నడుస్తుంది. కానీ ఇన్ని చేతులు మారేసరికి గొంతులో ఊపిరి, తడబాటు, పాడుతూ పాడుతూ ఒక్క క్షణం మాట మరిచిపోయి మళ్ళీ అందుకోవడం, ఇవన్నీ తుడుచుకుపోతాయి. నీకు విసుగు పుట్టించింది అదేననుకుంటున్నాను.

నా చిన్నప్పుడు పర్లాకిమిడిలో అమ్మవారి సంబరాలకు జముకుల వాళ్ళు వచ్చేవారు. నేను వెళ్ళి వాద్యానికి ఆనుకుని కూర్చునేదాన్ని. జముకు చూడటానికి చిన్న డబ్బాలా ఉంటుంది, ఒక మూతికి తోలు బిగించి ఉంటుంది, ఆ తోలు నడిమి నుంచి ఒక నరం వస్తుంది. డబ్బాను చంకలో ఇరికించుకుని, నరం చివరను ఒక చేత్తో లాగి పట్టుకుని, రెండో చేత్తో చిన్న పుల్ల పెట్టి మీటుతారు. నరం బిగిస్తే శబ్దం పైకి పోతుంది, వదులు చేస్తే కిందికి జారుతుంది. ఒక ఏడాది వచ్చిన ముసలాయన, కథలో తల్లి బిడ్డను వదిలి వెళ్ళే చోట పాట ఆపేసి, నరాన్ని కొద్దికొద్దిగా వదులుతూ పోయాడు. ఆ శబ్దం అచ్చం మనిషి మూలిగినట్టే దిగింది. మా మామ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చూపుడు వేలు మీద నరం కోసిన గాడి ఉండేది. "నొప్పెట్టదా తాతా" అని అడిగితే "పెడతాదమ్మా, కతయిపోయినాకే తెలుస్తాది" అన్నాడు. ఆయన పేరు నేను అడగలేదు. ఇప్పటికీ నాకు బాధగా ఉండేది ఆ సంగతే.

ఒక్కమాట మాత్రం అక్కగా చెబుతాను. నీకు నచ్చినదాన్ని ప్రేమించు, బావలకు నచ్చినదాన్ని తీసిపారెయ్యకు. నలుగురూ వినేది చెత్త, నలుగురూ విననిది గొప్ప అన్న లెక్క కూడా సరైంది కాదు. మన ఒడిశాలోనే చూడు, రంగబతి పాట మోగని పెళ్ళి ఉందా? అది సినిమాలో పుట్టిన పాట కాదు. 1970లలో సంబల్‌పూర్ ఆకాశవాణిలో, అక్కడి సంబల్‌పురి మాటలో, ఆ ఊళ్ళవాళ్ళు చేసుకున్న పాట. రాసింది మిత్రభాను గౌంతియా, బాణీ ప్రభుదత్త ప్రధాన్, పాడింది జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్. దేశమంతా దానికి డాన్సు చేసింది. హరిపాల్‌కు పద్మశ్రీ ఎప్పుడొచ్చిందో తెలుసా, 2017లో. కృష్ణా పటేల్‌కు 2023లో. మధ్యలో 2015లో ఒక టీవీ కార్యక్రమం ఆ పాటను కొత్తగా పాడించినప్పుడు, తమను అడగకుండా చేశారని రాసినాయనా బాణీ కట్టినాయనా లీగల్ నోటీసు పంపాల్సి వచ్చింది. పాట అందరిదీ అయిపోయింది, చేసినవాళ్ళు మాత్రం వెనకే ఉండిపోయారు. చిన్న పాటగాళ్ళను ఇష్టపడటమంటే నా దృష్టిలో మొదటి పని అదే, పాట వెనక మనిషి పేరు అడగడం, ఆ పేరు నలుగురికి చెప్పడం.

ఇక పెళ్ళి సంగతి. నాలుగేళ్ళ కిందట మా బంధువులింట పెళ్ళికి నేనే పట్టుబట్టి ఒక జట్టును పిలిపించాను. నలుగురు వచ్చారు, సాయంత్రం ఆరింటికే. అప్పటికే సౌండు బాక్సులు మొదలయ్యాయి. "ఇంకో పాట, ఇంకో పాట" అంటూ కుర్రాళ్ళు దిగలేదు. జట్టువాళ్ళు వంటల పందిరి వెనక ఇటుకల మీద కూర్చుని ఉన్నారు, కాళ్ళకు గజ్జెలు కట్టుకునే. పదకొండు దాటాక పెద్దాయన నా దగ్గరికి వచ్చి "ఏటమ్మా, పాడమంటారా, పడుకోమంటారా" అని నెమ్మదిగా అడిగాడు. అప్పటికి పెద్దవాళ్ళంతా వెళ్ళిపోయారు. పావుగంట పాడించారు, పూర్తిగా పాడలేదని చెప్పి ఒప్పుకున్న డబ్బులో సగం కోశారు. మిగతా సగం నేను ఇచ్చాను గానీ, ఆ రాత్రి వాళ్ళు గజ్జెలు విప్పుకున్న తీరు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. తప్పు నాది, పిలిచి ఊరుకున్నాను, జాగా చూపించలేదు.

నువ్వు అలా చెయ్యకు. డీజే వద్దని నాన్నతో గొడవ పడకు. పెళ్ళికొడుకు వాళ్ళు రాకముందు, పందిట్లో పెద్దవాళ్ళు కాఫీలు తాగుతూ కూర్చునే గంట ఉంటుంది చూశావూ, ఐదున్నర నుంచి ఆరున్నర, అది జముకుల వాళ్ళకు ఇవ్వు. ఎత్తైన స్టేజీ వద్దు, చాపలు పరిచి నేల మీద, ముందు వరుసలో మీ నానమ్మ, అమ్మమ్మ వయసువాళ్ళను కూర్చోబెట్టు. ఏ కథ చెప్పాలో వారం ముందే మాట్లాడుకో, పెళ్ళింట్లో ఏడుపు కథ వద్దంటే వాళ్ళ దగ్గర నవ్వించేవి బోలెడు ఉంటాయి. అడ్వాన్సు ముందే పంపించు, దారి ఖర్చులు వేరుగా ఇవ్వు, మిగతాది పాట అయిన వెంటనే, వాళ్ళు భోజనానికి కూర్చోకముందే చేతిలో పెట్టు. భోజనం మొదటి బంతిలో, చుట్టాలతో పాటే. ఆ తర్వాత డీజే ఎలాగూ ఉంటుంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది కాబట్టి అదీ ఒక హద్దులో ఆగుతుంది.

నాన్నగారిని ఒప్పించడానికి వాదన పెట్టకు. మీ ఊళ్ళో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి యాత్రలో ఆయన చిన్నప్పుడు ఏ వేషాలు చూశారో, ఎవరి డప్పు వెనక తిరిగారో అడుగు, ఒక సాయంత్రమంతా చెప్పనివ్వు. పాట వినాలన్న కోరిక ఆయనలో లేక కాదు, చుట్టాలు ఏమంటారోనన్న భయం, అంతే. మీ పెద్దత్తలో, నానమ్మో ఒక్కరు "అయ్యో, జముకుల కథా, ఎన్నాళ్ళయిందిరా విని" అన్నారంటే ఆ భయం సగం పోతుంది.

*

ప్రశ్న: నేను పాటల యాప్‌కు నెల నెలా డబ్బు కడతాను. వినేవి ఎక్కువగా పేరు లేని చిన్న బ్యాండ్ల పాటలే. నా డబ్బు వాళ్ళకు చేరుతోందా? (పాఠకురాలు, రాయగడ)

జవాబు: మీరనుకున్నంత చేరదు. పెద్ద యాప్‌లలో చాలావరకు మీ డబ్బు మీరు విన్నవాళ్ళకే వెళ్ళదు. అందరి డబ్బూ ఒకే కుండలో పడుతుంది, యాప్ తన వాటా తీసుకున్నాక, మొత్తం మీద ఎవరి పాట ఎన్నిసార్లు మోగిందో ఆ లెక్కన పంచుతారు. అంటే మీరు నెలంతా ఒక్క కుర్రాడి పాటే విన్నా, మీ డబ్బులో ఎక్కువ భాగం లక్షలమంది వినే పాటలకే పోతుంది. స్పాటిఫైలో అయితే 2024 నుంచి ఇంకో నిబంధన కూడా ఉంది, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాట రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు.

అందుకని యాప్ మానెయ్యమనను, కొత్త పాట దొరికేది అక్కడే. నచ్చినవాళ్ళకు మాత్రం నేరుగా ఇవ్వండి. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట పాట కొంటే డిజిటల్ అమ్మకం మీద మామూలుగా 15 శాతం వాళ్ళు తీసుకుంటారు, చెల్లింపు ఖర్చులు పోగా మిగతాది పాటగాడిది. మనవాళ్ళలో చాలామంది వీడియో కింద యూపీఐ క్యూఆర్ పెడుతున్నారు. యాభై రూపాయలు పంపినా, పంపుతూ ఏ పాటకు పంపుతున్నారో ఒక ముక్క రాయండి. అలాంటి ముక్కలను స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్న కుర్రాడిని చూశాను.

*

ప్రశ్న: అమ్మా, మీరు సినిమా పాటను మరీ తక్కువ చేశారు. ఘంటసాల, సుశీల మనసు పెట్టకుండానే పాడారా? వాళ్ళిద్దరూ మన పక్కనే ఉన్న విజయనగరంలో సంగీతం నేర్చినవాళ్ళు. నాకు 74 ఏళ్ళు. నా భార్య పోయాక నాకు తోడుగా ఉన్నవి ఆ పాటలే. (విశ్రాంత ఉపాధ్యాయుడు, గుణుపురం)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను రాసిన వాక్యాల్లో తొందర ఉంది, ఒప్పుకుంటున్నాను. మీకు తోడున్న పాటలను తక్కువ చెయ్యాలని నా మనసులో లేదు, అలా వినిపించి ఉంటే మన్నించండి.

మీరు విజయనగరం పేరెత్తారు కాబట్టి ఆ మాటే మాట్లాడుకుందాం. అక్కడి సంగీత కళాశాల 1919లో మొదలైంది, మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు, ఆ తర్వాత 1936లో ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ కుర్చీలోకి వచ్చారు. ఘంటసాల అక్కడికి నేర్చుకోవడానికి వచ్చినప్పుడు చేతిలో ఏమీ లేని కుర్రాడు. కొరాపుట్ కొండలు దిగితే వచ్చే సాలూరు ఉంది కదా, ఆ సాలూరు చిన్న గురువుగారిగా పేరున్న పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనను చేరదీసి ఉచితంగా పాఠం చెప్పారు. కుర్రాడు జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నాడు. నాకు ఆ ఆడవాళ్ళే గుర్తొస్తుంటారు మాస్టారూ. ఈ కుర్రాడు రేపు ఏమవుతాడో వాళ్ళకు తెలియదు, గడపలో నిలబడి అడిగాడు, ఇంత అన్నం పెట్టారు. మీరూ నేనూ ఈ రోజుకీ వింటున్న ఆ గొంతులో వాళ్ళ అన్నం ఉంది. నేను చిన్న పాటగాళ్ళ గురించి ఇంత గోల పెట్టేది అందుకే. ఇప్పుడు ఈ వయసులో, ఈ స్థితిలో ఉన్న కుర్రాడు గడపలోకొస్తే మనం ఏం పెడుతున్నాం?

ఇంకొకటి. సినిమాలో లేని పాటను మనవాళ్ళు "ప్రైవేటు పాట" అనేవారు, గుర్తుందా? రేడియోలో లలిత సంగీతం వచ్చేది. బాలాంత్రపు రజనీకాంతరావుగారిలాంటివాళ్ళు ఆకాశవాణిలో కూర్చుని, టిక్కెట్టు అమ్మే పని లేకుండా, కవి రాసిన మాటకు బాణీ కట్టేవారు. "ఈ పాట నేర్చుకుందాం" కార్యక్రమంలో ఒక్కో లైను నెమ్మదిగా చెప్పి ఇళ్ళలో కూర్చున్నవాళ్ళచేత పాడించేవారు. మా అమ్మ బియ్యం ఏరుతూ వంత పాడేది, రేడియో ఆగితే తనూ ఆగేది. సినిమాను కాదనకుండా, సినిమా మీద ఆధారపడకుండా తెలుగు పాట బతికిన దారి అది. ఆ దారి మళ్ళీ ఉండాలన్నదే నా కోరిక, మీ దారి మూసెయ్యాలని కాదు. వీలైతే మీ ఇద్దరికీ బాగా ఇష్టమైన పాట ఏదో రాయండి, వింటాను.

*

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి మొబైల్ షాపులో పనిచేస్తాడు. రాత్రిళ్ళు పాటలు రాసి, బాణీ కట్టి, ఫోన్‌లోనే రికార్డు చేసి పెడతాడు. తెలుగులో మొదలుపెట్టి మధ్యలో ఒడియా కలుపుతాడు, ఇంట్లో మేం మాట్లాడినట్టే. ఆరు నెలల కష్టానికి ఆఖరి పాటను 312 మంది చూశారు. "ఇది ఎవరికీ పట్టదమ్మా" అని రెండు వారాలుగా కీబోర్డు ముట్టుకోవడం లేదు. స్నేహితులేమో హిట్ సినిమా పాటలు పాడి పెట్టమంటున్నారు. నాకు పాట గురించి తెలియదు, బిడ్డ మొహం చూడలేకపోతున్నాను. (ఒక అమ్మ)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి పాట విన్నాను. మూడుసార్లు విన్నాను. రెండో చరణంలో మహేంద్రతనయ ఒడ్డున చెప్పులు వదిలి నీళ్ళలోకి దిగే మాట దగ్గర తెలుగులోంచి ఒడియాలోకి జారతాడే, అక్కడ నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా ఇంట్లో మా నాన్న అలాగే మాట్లాడేవారు, కోపం తెలుగులో, ముద్దు ఒడియాలో. ఈ ఉత్తరం వాడికి చూపించండి.

నేరుగా వాడితోనే మాట్లాడతాను. బాబూ, 312 అన్నది తక్కువ అంకెలా ఉంది నీకు. మీ వీధి కమ్యూనిటీ హాల్లో 312 మంది కూర్చుంటే కుర్చీలు చాలవు. వాళ్ళు తెర మీద అంకెగా మారిపోయారు కాబట్టి నీకు మనుషులుగా కనబడటం లేదు, అంతే. ముందు ముప్పై మందిని ఒక చోట కూర్చోబెట్టి పాడు. డాబా మీద చాలు. మొహాలు చూస్తూ పాడితే, ఎక్కడ జనం ఫోన్ తీస్తున్నారో, ఎక్కడ ఊపిరి బిగబట్టారో తెలుస్తుంది. ఏ అంకె చూసినా నీకు ఆ సంగతి తెలియదు.

నేను డిగ్రీ చదివేటప్పుడు నౌపడా గుణుపురం చిన్న రైలు ఉండేది, 2011లో పెద్ద లైను పడక ముందు మాట. అందులో చూపులేని ఒకాయన చిన్న తాళాలతో ఎక్కేవాడు. బాణీ ఎప్పుడూ ఒకటే. మాటలు మాత్రం ఆ రోజు పెట్టెలో ఉన్నవాళ్ళను బట్టి మారిపోయేవి. వంకాయల బుట్ట వాసనొస్తే వంకాయలు పాటలోకి వచ్చేవి, చంటిబిడ్డ ఏడిస్తే బిడ్డ వచ్చేది. ఒకసారి నేను పరీక్ష తప్పి ఏడుస్తూ కిటికీ దగ్గర కూర్చున్నాను. ముక్కు ఎగబీల్చిన చప్పుడు విన్నాడేమో, "కిటికీకాడి బంగారుతల్లి" అంటూ ఒక లైను కట్టాడు. ఆ రోజు ఆ పెట్టెలో పాట విన్నది నలభై మంది ఉంటారేమో. ముప్పై ఏళ్ళయింది, ఆ లైను నాకింకా కంఠతా ఉంది.

భాష మార్చకు. నువ్వున్న ఊరు ఎలాంటిదో తెలుసుకో. గిడుగు రామమూర్తిగారు 1880లో మీ ఊళ్ళోనే టీచరుగా చేరారు. చుట్టుపక్కల కొండల మీది సవరల మాట నేర్చుకుని ఆ భాషకు నిఘంటువు చేశారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని ఆయన చేసిన పోరాటం వల్లే మనం ఇప్పుడు ఇలా రాసుకుంటున్నాం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. గంజాంలో ఆడే ప్రహ్లాద నాటకం చూశావా? మాట ఒడియా, పాటలో కర్ణాటక రాగాల నీడ, ఆటలో మన యక్షగానం పోలిక. ఈ నేల మీద కలిపి పాడటం కొత్త కాదు.

అమ్మా, ఇప్పుడు పనికొచ్చే సంగతులు. స్నేహితులు చెప్పినట్టు హిట్ పాటలు పాడి పెడితే చూసేవాళ్ళు పెరగొచ్చు, కానీ ఆ పాట హక్కు వేరేవాళ్ళది కాబట్టి వచ్చే ప్రకటన డబ్బు చాలాసార్లు హక్కుదారుడికే పోతుంది. సొంత పాట మీద హక్కు మీవాడిదే, రాసి రికార్డు చేసిన క్షణం నుంచే. మన చట్టంలో ఆ హక్కు రాసినవాడి జీవితకాలం, ఆ పైన మరో 60 ఏళ్ళు ఉంటుంది. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. రేపెవరైనా కంపెనీవాళ్ళు వచ్చి "మొత్తం మాకు రాసిచ్చెయ్" అంటే తొందరపడి సంతకం పెట్టొద్దనండి. 2012లో కాపీరైటు చట్టం మార్చాక, రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రావలసిన రాయల్టీ వాటాను రాసిచ్చెయ్యడం కుదరదు. ఆ కాగితం తెలుగులోనో ఒడియాలోనో అర్థమయ్యేలా చదివి చెప్పేవాళ్ళకు చూపించాకే ఏదైనా.

యూట్యూబ్ ప్రకటనల డబ్బుకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదంటే షార్ట్స్‌లో 90 రోజుల్లో కోటి వ్యూస్. అది చాలా దూరం. డబ్బు పెట్టి వ్యూస్ కొనిపిస్తామనే వాళ్ళు తగులుతారు, వాళ్ళ జోలికి పోవద్దు, వచ్చేవి మనుషుల చెవులు కావు, ఛానెల్ కూడా పోవచ్చు. షాపు ఉద్యోగం మానొద్దు. వంగపండు ప్రసాదరావుగారు విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూనే పాటలు కట్టారు, పార్వతీపురం పక్క మాటతోనే కట్టారు, ఆ మాటనే రాష్ట్రమంతా పాడుకుంది.

ఇంకోటి, మీరు పాట గురించి తెలియదన్నారు. రాత్రి వాడు పాడుకునేటప్పుడు వంటింట్లోంచి వచ్చి పక్కన కూర్చోండి. బాగుందో లేదో చెప్పక్కర్లేదు. ఏ మాట అర్థం కాలేదో అడగండి, వాడే చెబుతాడు.

*

ప్రశ్న: మేడమ్, నాది సౌండు సిస్టం వ్యాపారం. మీరు రాసింది చదివి మనసు కష్టపడింది. డీజే అంటే ఏదో పాపం చేసినట్టు రాశారు. మాకూ అప్పులున్నాయి, కుర్రాళ్ళకు జీతాలివ్వాలి. జనం అడిగిందే వేస్తాం. అయినా ఒకటి అడుగుతున్నాను. మొన్న కొండ ఊళ్ళో ఒక సంబరానికి జముకు వాళ్ళకు మైకు పెట్టాం, అంతా గుయ్యిమంది, మాట ఒక్కటీ వినపడలేదు, జనం లేచిపోయారు. ఎలా పెట్టాలి? (పాఠకుడు, జయపురం)

జవాబు: మీ మనసు కష్టపెట్టినందుకు క్షమించండి. మీ పెట్టెలు లేకపోతే వెయ్యిమందికి ఏ పాటా చేరదు. మీ ప్రశ్న చూసి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఇన్ని ఉత్తరాల్లో పాడేవాళ్ళకు ఎలా సాయపడాలో అడిగింది మీరొక్కరే. నాకు తెలిసినదీ, తెలిసిన సౌండు ఇంజినీరును అడిగి రాసుకున్నదీ కలిపి చెబుతున్నాను.

ఒకే మైకు అందరి మధ్య పెట్టకండి. కథ చెప్పే ఆయనకు ఒకటి, వంతలకు ఒకటి, జముకుకు విడిగా ఒకటి. జముకు మైకును తోలుకు మరీ దగ్గరగా పెడితే గుయ్యిమంటుంది. జానెడు దూరంలో, తోలుకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు వాల్చి పెట్టండి, పుల్ల మీటిన చప్పుడు స్పష్టంగా వస్తుంది. ఆ ఛానెల్లో అడుగు బేస్ బాగా తగ్గించండి, ఆ గుయ్యిమనేది ఎక్కువగా అక్కడిదే. సినిమా పాటకు పెట్టిన సెట్టింగ్ అలాగే ఉంచేస్తుంటారు, అది మార్చండి. ఎకో పూర్తిగా తీసెయ్యండి, కథ చెప్పే గొంతుకు ఎకో పెడితే ఒక మాట మీద ఇంకో మాట పడి అర్థం పోతుంది. పెద్ద బాక్సులు పాడేవాళ్ళకంటే ముందుకు, జనం వైపు ఉండాలి, వెనక ఉంటే కూత వస్తుంది. వాళ్ళకు వినబడటానికి చిన్న బాక్సు ఒకటి వాళ్ళ వైపు తిప్పండి, లేకపోతే తమ గొంతు తమకే వినపడక అరుస్తారు, అరిచి అరిచి గంటకే గొంతు పోతుంది.

మొదలుపెట్టే ముందు పది నిమిషాలు వాళ్ళను నిలబెట్టి పాడించి చూసుకోండి. పెద్దాయన నరం బిగించీ వదిలీ రెండు రకాలుగా మీటమని అడగండి, ఎందుకంటే రెంటి జోరూ ఒకటి కాదు, రెండిటికీ సరిపడేలా వాల్యూమ్ పెట్టుకోవాలి. ఆ పది నిమిషాల్లోనే ఆయన పేరు, ఊరు, ఫోన్ నంబరు మీ డైరీలో రాసుకోండి. ఈసారి ఎవరైనా జముకు వాళ్ళు కావాలని మిమ్మల్ని అడిగితే ఇవ్వడానికి ఉంటుంది. బరంపురం తమ్ముడు ఇప్పటికే వెతుకుతున్నాడు.